ఎఫ్ ఫైవ్ బటనుకు ఖాళీ నోటీసు

డైరెక్టరు గంధం త్రివిక్రమరావు గారు నా మూడెకరాలు మింగేశారని నేను ఎక్కడా అనలేదు. అన్నానని ఆయన వాళ్ళతోనూ వీళ్ళతోనూ చెప్పుకుంటున్నారట. మింగాలంటే నోరు తెరవాలి. ఆయన నోరు తెరవలేదు, ఒక బటను నొక్కారు. అదీ చప్పట్ల మధ్య. ఆ చప్పట్లలో నావి కూడా ఉన్నాయి. ఆయన మీద నా ఫిర్యాదల్లా ఒక్కటే: ఆయనకు కలిసొచ్చే అంకె ఐదు కావడం. ఆరు అయి ఉంటే ఇవాళ నేను ఇది రాసేవాణ్ణి కాదు, కర్రపెండలం తవ్వించుకుంటూ ఉండేవాణ్ణి.

నేను ఏడో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి. కాబట్టి ఈ కంప్యూటరు సంగతి నాకు అర్థమైనంత మేరకే చెబుతాను. ఆ కమిటీలో నాకంటే ఎక్కువ అర్థమైనవాళ్ళు ఎవరూ లేరు గనుక మీకు పెద్ద నష్టం ఉండదు.

మాది మెట్ట ప్రాంతం, గుర్రాలమెట్ట. సర్వే నంబరు ఎనభై ఏడు బై రెండులో నాకు మూడెకరాల పన్నెండు సెంట్లు ఉంది. కొత్త సర్వే అయ్యాక ఊరందరికీ ముసాయిదా కాగితాలు పంచారు. నా కాగితంలో పన్నెండు సెంట్లే ఉంది. మూడెకరాలు ఏమయ్యాయని అడిగితే, "ఇది ముసాయిదాయే కదా, నెలాఖరున తుది ముద్ర పడుతుంది, ఈలోగా సరిచేయించుకో, ముద్ర పడ్డాక మాత్రం మేమేమీ చెయ్యలేం" అని జిల్లా భూరికార్డుల తప్పుల సవరణ కేంద్రానికి పొమ్మన్నారు. పేరు చూసి తప్పులన్నీ అక్కడ సవరిస్తారనుకుని వెళ్ళాను.

అక్కడ కోడూరి ప్రసూన అనే అమ్మాయి కంప్యూటరు ప్రోగ్రాములు చూస్తుంది. కాంట్రాక్టు ఉద్యోగం. నా కాగితం చూడగానే, "మీ నంబరులో గీత ఉంది కదండీ బాబాయ్ గారూ? గీత ఉన్నోళ్ళందరిదీ ఇదే గోల. అసలు రికార్డులో మూడు పన్నెండే ఉంది. ముద్ర వేసే ప్రోగ్రాము దాన్ని చదివేటప్పుడు తప్పు చదువుతోంది. ఇలా రండి, చూపిస్తాను" అని తన పక్కన కుర్చీ వేసింది. ప్రభుత్వ కార్యాలయంలో నాకు కుర్చీ వేసిన మొదటి మనిషి. అప్పుడే అనుమానం రావలసింది, ఈ అమ్మాయి ఇక్కడ ఎక్కువ కాలం నెగ్గదని.

ఆమె ప్రోగ్రాములు రాసుకునే చోటికే తప్పులు వెతికే పనిముట్టు ఒకటి తగిలించి ఉంది. అది ప్రోగ్రామును కావలసిన చోట ఆపేస్తుంది. ఆపిన తరువాత ఒక్కొక్క వరుసా నడిపించుకుంటూ ఎక్కడ కాలు జారుతోందో చూడవచ్చు. ఆపగానే తెర మీద నాలుగు పెట్టెలు తెరుచుకుంటాయి. వాటిని విండోలంటారు. ఒకదానిలో ప్రోగ్రాము రాత. ఒకదానిలో ఎవరు ఎవర్ని పిలిస్తే ఇక్కడిదాకా వచ్చిందో ఆ వరస. మరొకదానిలో ఆ క్షణాన దేని విలువ ఎంతో ఆ లెక్క. నాలుగోదానిలో తప్పుల సందేశాలు.

లెక్కల విండోలో 'విస్తీర్ణం 3.12' అని కనబడింది. నా పొలం అలా తెర మీద మెరుస్తుంటే ముచ్చటేసింది. ప్రసూన ఒక వరుస ముందుకు నడిపించింది. 0.12 అయింది.

"అయ్ బాబోయ్! ఏం చేశావమ్మా?"

"ఏం కాలేదండి, కంగారు పడకండి. చివరిదాకా పోతేనే రికార్డులో రాస్తుంది. మధ్యలోనే ఉన్నాం కదా, మళ్ళీ మొదలెడితే వచ్చేస్తుంది." మళ్ళీ మొదలెట్టింది. మూడెకరాలు తిరిగొచ్చాయి. "ఈ ఎఫ్ ఫైవ్ బటను ఒక్కటి మాత్రం నొక్కకూడదు. అది నొక్కామా, ఎక్కడా ఆగకుండా చివరిదాకా పోద్ది."

"నిజం రికార్డు మీద ఈ ఆటలేంటమ్మా?"

"ఆటలాడుకోడానికి వేరే కంప్యూటరు కావాలని రాశానండి. ఇంకా రాలేదు."

"సరే, ఎంతసేపు పడుద్ది సరిచెయ్యడం?"

"భోజనాలయ్యేలోపే అయిపోద్దండి. కాపోతే ఈ విండోలు చూడండి, ఒకదాని మీద ఒకటి పడిపోతన్నాయి. నాలుగింటినీ పైన ట్యాబులుగా పేర్చేసి, ముందు ట్యాబుకి పోడానికి ఒక బటనూ, వెనక్కి రాడానికి ఒక బటనూ పెట్టుకున్నాననుకోండి, చకచకా చూసేసుకోవచ్చు. సెట్టింగుల్లో నాలుగు ముక్కలు రాయడమే."

"రాసెయ్యమ్మా మరి."

"రాసేద్దును. గవర్రాజు గారు ఊరుకోరు."

గవర్రాజు గారు సూపరింటెండెంటు. అంతకుముందు ఎవరో అనుమతి లేకుండా కంప్యూటరులో గడియారం సరిచేశారట. కార్యాలయం మొత్తం ఆలస్యంగా వచ్చినట్టు తేలింది. అప్పటినుంచి అక్కడ ఉన్న ఏర్పాటులో ఏ మార్పు చేయాలన్నా ముందస్తు అనుమతి కావాలి. ప్రసూన పద్ధతిగా ఒక కాగితం రాసి ఇచ్చింది. గవర్రాజు గారు కళ్ళజోడు పైకెత్తి చదివారు, దించి చదివారు, కాగితం తిప్పి వెనుక కూడా చదివారు. అక్కడ ఏమీ లేదు.

"విండోల స్థాననిర్దేశము, ట్యాబుల మధ్య సంచారము," అన్నారాయన నెమ్మదిగా. "విధాన నిర్ణయమమ్మా ఇది. నా స్థాయిలో తేలేది కాదు."

మర్నాడు కమిటీ వేశారు. కమిటీలో ప్రజల తరఫున ఒక లబ్ధిదారుడు ఉండాలని నిబంధన. బయట బల్ల మీద నేనే కూర్చుని ఉన్నాను. గవర్రాజు గారు బయటికొచ్చి, "ఏమయ్యా, పేరేంటి?" అన్నారు. "వాసంశెట్టి నూకరాజండి." "రా, లోపలికి. బిస్కట్లున్నాయి."

మీటింగు హాల్లో గోడ మీద తెర పెద్దది చేసి చూపించారు. ప్రోగ్రాము నా పొలం దగ్గరే ఆగి ఉంది. 3.12 మనిషంత ఎత్తున కనబడుతోంది. త్రివిక్రమరావు గారు లోపలికి రాగానే అందరం లేచాం. ఆయన మంచి మనిషే. నవ్వుతారు, భుజం తడతారు, పొరపాటున కూడా ఒకరి మీద అరవరు. ఆయన చెప్పింది మనం వినేవరకు మెత్తగా మళ్ళీ మళ్ళీ చెబుతారు.

"ముందు నాకొకటి చెప్పండి," అన్నారు. "ఈ ట్యాబులు పైన వరసగా ఉన్నాయే, ఎడమ చివర ఉన్నది మొదటిదా?"

"అవునండి," అంది ప్రసూన.

"అది ఎవరిది?"

"ఎవరిదీ కాదండి. ప్రోగ్రాము రాత అందులో ఉంటాది."

ఎవరిదీ కాని మొదటి స్థానం! గవర్రాజు గారు గొంతు సవరించుకుని, "ఇందుమూలముగా మొదటి ట్యాబు డైరెక్టరు గారికి కేటాయించబడినట్లు భావించవచ్చునా?" అన్నారు. భావించారు. రెండోది, పిలుపుల వరస ఉండేది, అసిస్టెంటు డైరెక్టరు గారికి. ఆయన ఎలాగూ పిలిస్తే తప్ప రారు. మూడోది, లెక్కల విండో, గవర్రాజు గారికి. నాలుగోది తప్పుల సందేశాలు.

"అందులో ఏముంటాయి?" అని అడిగారు డైరెక్టరు గారు.

"ఏం తప్పు జరిగిందో, ఎందుకు జరిగిందో రాసి ఉంటాదండి. అన్నిటికన్నా ముఖ్యమైంది అదేనండి."

అందరూ తెర వైపు కాక కిందికి చూడడం మొదలుపెట్టారు. ఆ కార్యాలయంలో చాలా కాలంగా భర్తీ కాని పోస్టు ఒకటి ఉంది. తప్పుల సందేశాలను ఆ ఖాళీ పోస్టుకు కేటాయించారు. ఇకనుంచి తప్పు జరిగితే జవాబు చెప్పవలసిన అధికారి ఖచ్చితంగా ఉన్నాడు. ఆయన ఇంకా ఉద్యోగంలో చేరలేదు, అంతే.

ఆ తరువాత సంచారం సంగతి వచ్చింది. మొదటి ట్యాబు నుంచి మూడోదానికి నేరుగా గెంతవచ్చని ప్రసూన చెప్పగానే అసిస్టెంటు డైరెక్టరు గారి మొహం మాడిపోయింది. మధ్యలో తానుండగా గెంతడమేమిటి? కాబట్టి గెంతుళ్ళు రద్దు. ఏ ట్యాబు నుంచి ఏ ట్యాబుకు వెళ్ళాలన్నా వరసన, సముచిత మార్గంలోనే వెళ్ళాలి. పై నుంచి కిందికి వెళితే 'తగు చర్య నిమిత్తము' అనుకోవాలి. కింది నుంచి పైకి వెళ్ళాలంటే కారణం రాసి సంతకం పెట్టాలి.

"వెనక్కి వచ్చే బటనొకటి అడిగావమ్మా," అన్నారు డైరెక్టరు గారు ప్రేమగా. "నా దగ్గరికొచ్చింది వెనక్కి పంపడమంటే దానర్థం ఏంటి? నేను చూడలేదనా, చూసి తప్పు పట్టాననా?"

"అదేం కాదండి, ఊరికే వెనక్కండి."

"ఊరికే వెనక్కి పంపడం ఈ ఆఫీసులో ఎప్పుడూ జరగలేదు." వెనక్కి బటను రద్దు.

ఇక్కడిదాకా అంతా సామరస్యంగానే సాగింది. అప్పుడు ఆ అమ్మాయి నిజాయితీగా ఇంకొక మాట చెప్పింది. వెనక్కి బటను లేకపోయినా ఫరవాలేదట. నాలుగో ట్యాబులో ఉండి ముందుకు నొక్కితే చుట్టూ తిరిగి మొదటి ట్యాబుకే వస్తుందట. పనిముట్టు స్వభావమే అంతట.

త్రివిక్రమరావు గారు టీ కప్పు కింద పెట్టేశారు. "అంటే, చివర్న ఉన్న ఖాళీ పోస్టువాడు ఒక్క నొక్కుతో నా గదిలోకి వచ్చేస్తాడన్నమాట! మధ్యలో ఎవరికీ చెప్పకుండా!"

"ఆడెవడూ లేడు కదండీ," అన్నాను నేను. ఆ కమిటీలో నేను మాట్లాడిన మొదటి మాట.

"ఇవాళ లేడు. రేపు రాడా? ఏమయ్యా నూకరాజూ, నువ్వు రైతువి. నీ పొలం గట్టు ఒక చివర తెగి ఉంటే ఊరుకుంటావా?"

ఊరుకోనన్నాను. ఆ మాటను 'లబ్ధిదారుని అభిప్రాయము మేరకు' అని రాసుకుని, చివరి ట్యాబు నుంచి మొదటి ట్యాబుకు దారి మూసేశారు. కింద నేను సంతకం పెట్టాను. నాకప్పుడు బిస్కట్లు రెండోసారి కూడా ఇచ్చారు.

ఆ రోజు నుంచి ప్రసూన పని ఎలా ఉండేదో చెబుతాను. మొదటి ట్యాబు చూస్తుంది. రెండోది చూస్తుంది. మూడోది చూస్తుంది. మొదటిదానిలో ఏముందో మరిచిపోతుంది. మళ్ళీ చూడాలంటే వెనక్కి లేదు, చుట్టూ లేదు. అన్నీ మూసేసి, ప్రోగ్రామును మొదటినుంచి నడిపి, నా పొలం దగ్గర ఆపి, మళ్ళీ మొదటి ట్యాబు. అది గుర్తుపెట్టుకోవడానికి అరచేతిలో పెన్నుతో రాసుకునేది. అది చూసి గవర్రాజు గారు, "అనధికార ట్యాబు" అని మందలించారు.

"అమ్మా," అన్నాను ఒకనాడు, "తప్పెక్కడో నీకు తెలిసిపోయింది కదా, దిద్దెయ్యొచ్చు కదా?"

"తెలిసిందండి. ఒక్క గుర్తు మారిస్తే చాలు. అది మొదటి ట్యాబులో ఉంది బాబాయ్ గారూ. మొదటి ట్యాబు డైరెక్టరు గారిది. ఆయన విండోలో నేను రాస్తే ఆయన సంతకం నేను పెట్టినట్టేనని మెమో ఇచ్చారు."

"ఆయన్నే రాయమను."

"ప్రారంభోత్సవం అయ్యాక రాస్తానన్నారండి. అవ్వకుండా ముట్టుకుంటే బాగోదంట."

గవర్రాజు గారు మాత్రం నాకు ధైర్యం చెప్పేవారు. ప్రోగ్రాము ఆపి ఉంచినంతకాలం నా పొలం భద్రమట. అది నిజమే. రోజూ వెళ్ళి మూడో ట్యాబులో చూసుకునేవాణ్ణి. మూడు పాయింటు పన్నెండు, చెక్కుచెదరకుండా ఉండేది. కరెంటు పోతే బ్యాటరీ పెట్టె కీచుమనేది, నా గుండె దానికంటే ముందు కీచుమనేది. మళ్ళీ వెలుగు రాగానే పొలం కనబడేది. అసలు పొలంలో ఎప్పుడూ అంత ఆనందం లేదు.

ఇంటి దగ్గర మా మంగాయమ్మ ఊరుకోదు కదా. "రోజూ బస్సెక్కి ఎక్కడికయ్యా?" అంది.

"పొలం చూసుకోడానికే."

"పొలం ఇటుంటే అటు పోతావేంటి?"

సంగతంతా చెప్పాను. విని, చీపురు పక్కన పెట్టి, "అయితే కలుపు కూడా అక్కడే తీయించెయ్. ఇక్కడ నడుముల్లోతు పెరిగిపోయింది. ఎలాగూ ఆపేశారంటన్నావుగా, ఆ గడ్డిని కూడా పెరగకండా ఆపమని చెప్పు మీ డైరెట్రు గారికి" అంది.

"నన్ను కమిటీలో మెంబర్ని చేశారే."

"మెంబరుగారూ, పందులు పడ్డాయి పెండలంలో. వాటికేమన్నా మీటింగు పెడతారా?"

మా ఆవిడకు పాలనా వ్యవహారాలు తెలియవు.

నెలాఖరు దగ్గరపడింది. ప్రారంభోత్సవం ముద్ర పడే రోజునే పెట్టారు, రెండూ ఒకే టెంటు కింద అయిపోతాయని. అప్పుడు బటన్ల కేటాయింపు మిగిలింది. ముందు ట్యాబుకు వెళ్ళడానికి ఏ బటను? ప్రసూన ఏవో రెండు బటన్లు కలిపి నొక్కాలంది. రెండు వేళ్ళతో నొక్కడం హోదాకు బాగుండదన్నారు. త్రివిక్రమరావు గారి కారు నంబరు కూడితే ఐదు. ఇంటి నంబరు ఐదు. ఆయన గదిలో ఫ్యాను ఎప్పుడూ ఐదు మీదే తిరుగుతుంది, చలికాలంలో కూడా. కాబట్టి ఎఫ్ ఫైవ్ అన్నారు.

"అది వద్దండి!" ప్రసూన లేచి నిలబడింది. "దాంట్లో ఇప్పటికే వేరే పని ఉందండి. నొక్కితే ప్రోగ్రాము ఆగకుండా చివరిదాకా పోద్దండి. ఈ బాబాయ్ గారి పొలం పోద్దండి."

"అంటే ఆ బటన్లో ఎవరో ఉన్నారన్నమాట," అన్నారు డైరెక్టరు గారు.

"ఎవరో కాదండి, పని."

"ఏ హక్కుతో ఉంది? కేటాయింపు ఉత్తర్వు ఉందా?"

లేదు. ఆ పనిముట్టు చేసినవాళ్ళెవరో పెట్టి పోయారు. ఆక్రమణ అని తేలింది. అయినా త్రివిక్రమరావు గారు తొందరపడే మనిషి కాదు, న్యాయంగానే వెళ్ళారు. ఎఫ్ ఫైవ్ బటనులో అనధికారికంగా నివసించుచున్న పనికి ఖాళీ నోటీసు ఇమ్మన్నారు. 'నిర్ణీత గడువులోగా స్వచ్ఛందముగా ఖాళీ చేయని యెడల ఖాళీ చేసినట్లుగానే భావించబడును' అని గవర్రాజు గారు తన చేత్తో రాశారు. చిరునామా లేదు కాబట్టి కీబోర్డుకే అంటించారు. నోటీసు పెద్దది, బటన్లు సగం కనబడకుండా పోయాయి.

"సార్, నోటీసు అంటించినా అది పోదండి. సెట్టింగుల్లో నేను మార్చాలండి. మార్చడానికి అనుమతి ఇవ్వండి చాలు," అని ప్రసూన వాళ్ళ వెంట తిరిగింది. అనుమతి ఎప్పుడో ఇచ్చారట. ఉత్తర్వు టైపు కూడా అయిందట. అది పంపించవలసింది తపాలా విభాగం. తపాలా చూసేది ఖాళీ పోస్టు.

గడువు అయింది. ఆక్రమణదారు నుంచి జవాబు రాలేదు. ఖాళీ చేసినట్లుగానే భావించారు.

నేను భయపడలేదని అనను. ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే డైరెక్టరు గారి గది ముందు నిలబడి, "అయ్యా, ఆ అమ్మాయి చెప్పేది ఒకసారి వినండి. నాకున్నదదొక్కటేనండి. అది పోతే కూలికి పోవాల్సిందే," అన్నాను. ఆయన బయటికొచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు.

"నూకరాజూ, నువ్వు కమిటీ సభ్యుడివి. నువ్వే వ్యవస్థని నమ్మకపోతే బయటివాళ్ళు ఏం నమ్ముతారు చెప్పు? ఇవాళ మొదటి ట్యాబు ప్రారంభించగానే నా చేత్తో నేను నీది దిద్దుతాను. సరేనా?"

చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. సరేనన్నాను.

కంప్యూటరుకు పసుపు రాసి, తెరకు అడ్డంగా రిబ్బను కట్టారు. గదిలో కొబ్బరికాయ కొడితే నీళ్ళు పడతాయని మెట్ల మీద కొట్టారు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి మెడలో దండ వేశారు. త్రివిక్రమరావు గారు మాట్లాడుతూ, ఈ జిల్లాలో ఇకనుంచి ఏ తప్పూ పద్ధతి ప్రకారం తప్ప కనుగొనబడదని చెప్పారు. రిబ్బను కత్తిరించారు. వెనుక మూడు పాయింటు పన్నెండు కనబడింది. ప్రసూన గుమ్మం దగ్గర నిలబడి, "సార్, ఒక్క నిమిషం" అంటూనే ఉంది. ఆమె కాంట్రాక్టు ఉద్యోగి, వేదిక మీదికి రాకూడదు. డైరెక్టరు గారు నోటీసు అంచు సగౌరవంగా పైకెత్తి, చూపుడు వేలితో ఎఫ్ ఫైవ్ నొక్కారు.

నాలుగు ట్యాబులూ ఒక్కసారిగా మూసుకుపోయాయి. తెర మీద 'ముద్ర వేయడం పూర్తయింది' అని వచ్చింది.

"ఎంత వేగం!" అన్నారు అసిస్టెంటు డైరెక్టరు గారు. అందరూ చప్పట్లు కొట్టారు. దండ వేసి ఉంది, ముందు వరసలో ఉన్నాను, చేతులు వాటంతటవే కొట్టేశాయి.

చివర్లో తప్పుల సందేశం కూడా ఒకటి వచ్చిందని ప్రసూన తరువాత చెప్పింది. వచ్చిన చోట చదివే అధికారి లేరు.

మర్నాడు వెళితే త్రివిక్రమరావు గారు నిజంగా బాధపడ్డారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముద్ర పడిన రికార్డు తెరవడం ఆయన పరిధిలో లేదట. పైకి రాస్తారట, సముచిత మార్గంలో. ఈలోగా చుక్కకు ఎడమ పక్క రాలిపోయిన ఎకరాలన్నీ కూడితే జిల్లాలో చాలానే తేలింది. అవన్నీ యజమాని లేని భూముల జాబితాలోకి వెళ్ళాయి. యజమాని లేని భూమి ఖాళీగా ఉండకూడదని మరొక నిబంధన.

ఇప్పుడు అందులో నా మూడెకరాల్లో విండోల, ట్యాబుల సంచార శిక్షణ కేంద్రం కడుతున్నారు. మిగతా జిల్లాల ఉద్యోగులు వచ్చి ఒక ట్యాబు నుంచి మరొక ట్యాబుకు మర్యాదగా వెళ్ళడం నేర్చుకుంటారు. ఎఫ్ ఫైవ్‌లో ఉన్న పని మీద ఉత్తర్వు ధిక్కార కేసు నడుస్తోంది, వాయిదాలకు అది రావడం లేదు. ప్రసూన కాంట్రాక్టు అయిపోయింది. వెళ్ళేముందు మా ఇంటికొచ్చి, "ఒక్క గుర్తండి బాబాయ్ గారూ" అని ఏడ్చింది. మంగాయమ్మ ఆమెకు పెండలం ఉడకబెట్టి పెట్టింది. పందులు వదిలినవి.

శంకుస్థాపనకు లబ్ధిదారుడి హోదాలో నన్నే పిలిచారు. వెళ్ళాను, మన పొలమే కదా. త్రివిక్రమరావు గారు నన్ను పక్కకు తీసుకెళ్ళి, కేంద్రానికి రోడ్డు మీది నుంచి దారి లేదని, నాకు మిగిలిన పన్నెండు సెంట్లలో రెండు సెంట్లు ఇస్తే శిలాఫలకం మీద దాతగా నా పేరు వేయిస్తానని అన్నారు. ఐదో వరసలో వేయిస్తారట. చెయ్యి భుజం మీదే ఉంది.

అందుకని లెక్క ఎవరడిగినా ఒకటే చెబుతున్నాను. నాది పోయింది మూడెకరాల రెండు సెంట్లు.